లైఫ్ సర్టిఫికెట్ల నెల వస్తోంది, స్క్రీన్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి

పోయిన వారం సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దాయన కంప్యూటర్ ఆటోలో వేసుకుని మా షాపుకి వచ్చారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, ఎనభై దాటాయి. "దీన్ని ఫార్మాట్ చేసెయ్ బాబూ, దీని మొహం చూడబుద్ధి కావట్లేదు" అన్నారు.

జరిగింది ఇదీ. పెన్షన్ ఆఫీసు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. ఆయన పేరు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, రిటైరైన తేదీ, పెన్షన్ పడే బ్యాంకు, అన్నీ అవతలివాడే చెప్పాడు. మీ లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చే పత్రం) రిజెక్ట్ అయింది, ఈ వయసులో ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, కంప్యూటర్ ముందు కూర్చోండి చాలన్నాడు. పెన్షన్ ఆఫీసు వాళ్లే ఫోన్ చేసి మీరు రానక్కర్లేదు అన్నప్పుడే అనుమానం రావాలి, అది వేరే సంగతి. ఆ కంప్యూటర్లో ఎనీడెస్క్ అప్పటికే ఉంది, ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు మన కంప్యూటర్ని నడపడానికి వాడే ప్రోగ్రామ్ అది. డల్లాస్‌లో ఉన్న కొడుకు వేసిపెట్టాడు. తెర మీద కనబడే నంబరు చదవమన్నాడు, చదివారు. 'యాక్సెప్ట్' నొక్కమన్నాడు, నొక్కారు. పాత పెన్షన్ ఎంట్రీలు సరిచూద్దాం, నెట్ బ్యాంకింగ్ తెరవమన్నాడు, తెరిచారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆన్‌లైన్‌లోనే రద్దు చేసి, వచ్చిన డబ్బు విడతలు విడతలుగా ఎత్తుకుపోయారు.

ఓటీపీ ఎవరికీ చెప్పలేదని పెద్దాయన ఒట్టేసి చెబుతున్నారు. నిజమే, చెప్పలేదు. చెప్పే అవసరమే రాలేదు. ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు కంప్యూటర్లో కనబడేలా 'ఫోన్ లింక్' పెట్టుకుని ఉన్నారు. ఓటీపీ కింద కుడి మూలన తేలింది. చూస్తున్నవాడు చదువుకున్నాడు.

ఓటీపీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి అన్నవి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరికైనా ఫోన్ కలిపితే రింగు కంటే ముందు అవే వినిపించిన రోజులున్నాయి. వాటిని వదిలేస్తున్నాను. నా కళ్ల ముందు ఎక్కువ కొంపలు ముంచింది ఒకటే. ఎవడో అడిగాడని స్క్రీన్ ఇవ్వడం. దాని గురించే చెబుతాను. చెప్పిందే మళ్లీ చెప్తే విసుక్కోకండి.

స్క్రీన్ ఇస్తే ఏం ఇచ్చినట్టు

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, రస్ట్‌డెస్క్, విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్ చెడ్డవి కావు. నేనూ రోజూ వాడతాను. కానీ వాటితో లోపలికి వచ్చినవాడికి మీ మౌస్ ఉంటుంది, మీ కీబోర్డు ఉంటుంది, మీరు లాగిన్ అయి వదిలేసిన ప్రతిదీ ఉంటుంది. బ్యాంకు వైపు నుంచి చూస్తే ఆ పని చేసింది మీరే. మీ కంప్యూటర్, మీ ఇంటి నెట్, మీ పాస్‌వర్డ్. అందుకే బ్యాంకు మెషీన్‌కి అనుమానం రావడం కష్టం. ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న మోసాల మీద రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇన్నేళ్లయినా అదే కథ.

చాలామందికి తెలియని సంగతులు రెండున్నాయి. ఒకటి, అవతలివాడు తలుచుకుంటే మీ మానిటర్ నల్లగా చేసి, వెనకాల పని చేసుకోవచ్చు. "అప్‌డేట్ అవుతోంది సార్, ఓ పది నిమిషాలు ముట్టుకోకండి" అంటాడు. ఆ పది నిమిషాల్లోనే అంతా అయిపోతుంది. రెండోది, ఒకసారి లోపలికొచ్చాక 'అన్‌అటెండెడ్ యాక్సెస్' పాస్‌వర్డ్ పెట్టుకుని పోతాడు. ఆ తర్వాత యాక్సెప్ట్ నొక్కమని మిమ్మల్ని అడగడు కూడా. రాత్రి మీరు పడుకున్నాక కంప్యూటర్ ఆన్‌లో ఉంటే చాలు.

ఫోన్లో అయినా అంతే. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసే సౌకర్యం 2023 నుంచి ఉంది. వేరే యాప్ వేయించాల్సిన శ్రమ కూడా వాళ్లకి తప్పింది.

పిల్లలు అమెరికాలో ఉంటే

ఇది కొంచెం గట్టిగానే చెప్పాలి. అమ్మానాన్నల కంప్యూటర్లో ఎనీడెస్క్ వేసి, శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లోపలికొచ్చి బిల్లులు కట్టే పిల్లలున్నారు. మంచి పిల్లలే. కానీ ఆరేళ్లుగా "నాన్నా, ఆ నంబరు చదువు, యాక్సెప్ట్ నొక్కు" అని అలవాటు చేసింది మీరే. రేపు ఇంకొకడు అదే మాట అంటే ఆయన చెయ్యి దానంతటదే నొక్కుతుంది. పెద్దాయనది తెలివితక్కువతనం అనకండి, ఆయనకి మీరు నేర్పిన పాఠమే అది.

సాయం చేయాలంటే పద్ధతి మార్చండి. శాశ్వత పాస్‌వర్డ్ తీసేయండి. పని ఉన్న రోజు నాన్నగారే మీకు ఫోన్ చేయాలి, కోడ్ ఆయన చేసిన కాల్‌లోనే చెప్పుకోవాలి. పని అయ్యాక ఆ ప్రోగ్రామ్ తీసేయాలి. మళ్లీ కావాలంటే మళ్లీ వేసుకోవచ్చు, రెండు నిమిషాల పని. గొంతు మీదే కదా అని ధీమా పడకండి, ఇప్పుడు గొంతులూ తయారు చేస్తున్నారు. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన మాట ఒకటి పెట్టుకోండి. చిన్నప్పుడు కుక్కపిల్ల పేరైనా సరే, ఫేస్‌బుక్‌లో లేనిదైతే చాలు.

మాట్లాడేది ఎవరు

మనం ఎవరమో నిరూపించుకోమని వాడు మనల్ని అడుగుతాడు. వాడెవడో మనం అడగం. తిరకాసంతా అక్కడే.

పీపీఓ నంబరు, పుట్టిన తేదీ, ఆధార్ చివరి నాలుగంకెలు చెప్పాడంటే వాడు ఆఫీసు మనిషని కాదు, మీ కాగితం ఎక్కడో వాడి చేతికి చిక్కిందని అర్థం. జిరాక్స్ షాపుల్లో, లాడ్జీల్లో, సిమ్ కార్డులకి మనం ఇచ్చిన నకళ్లు ఎన్ని లేవు? వాట్సాప్‌లో పంపిన ఐడీ కార్డుకి, యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కూర్చున్నవాడికి కూడా విలువ లేదు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం మన చట్టంలోనే లేదు.

ఫోన్ పెట్టేయండి. మర్యాద తక్కువేం కాదు. పాస్‌బుక్ మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉన్న నంబరుకి మీరే చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతక్కండి, అక్కడ దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నారు. బ్యాంకు వెబ్‌సైటు అయితే చిరునామా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగుస్తోందా చూడండి. 2025 అక్టోబర్ 31లోగా బ్యాంకులన్నీ ఆ చిరునామాకి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది.

ఇక లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర పెన్షనర్లకి నవంబర్ నెల, ఎనభై దాటినవాళ్లకి అక్టోబర్ 1 నుంచే. ఈపీఎఫ్ పెన్షనర్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర పెన్షనర్ల గడువు వేరు, సబ్ ట్రెజరీలో కనుక్కోండి. జీవన్ ప్రమాణ్, అంటే ఆన్‌లైన్ లైఫ్ సర్టిఫికెట్, 2014 నుంచి ఉంది, 2021 నుంచి ఫోన్ కెమెరాలో ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. బ్యాంకులో, మీసేవలో, ఇంటికొచ్చే పోస్ట్‌మ్యాన్ దగ్గర, ఎక్కడ ఇచ్చినా పని మీ ఎదురుగా జరుగుతుంది. వేలో ముఖమో మీరే చూపించాలి. ఫోన్లో ఎవడో మీ బదులు చేసిపెట్టేది కాదది. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకున్నవాళ్లు ఆ కాసేపు తాత్కాలికంగా తెరుచుకోండి, లేకపోతే వేలిముద్ర పడలేదని కంగారుపడతారు. ఆ కంగారులోనే ఫోన్లు ఎత్తుతారు.

ఇంకా కొన్ని, గుర్తొచ్చిన వరసలో:

— స్క్రీన్ ఇవ్వొద్దు. బ్యాంకు మేనేజర్ అడిగినా సరే.

— కంప్యూటర్లో ఫోన్ లింక్ తీసేయండి. వాట్సాప్ వెబ్ పని కాగానే లాగౌట్ చేయండి. ఓటీపీ ఫోన్లోనే ఉండాలి, పాస్‌వర్డ్ కొట్టే తెర మీదికి రాకూడదు.

— సైరన్ మోగుతూ "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని తెర నిండా వస్తే అది వట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ కాసేపు నొక్కిపట్టండి, పోకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే పవర్ బటన్. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు.

— విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఆ పాతదాని మీద బ్యాంకు పని చేయకండి. సినిమాలు చూసుకోండి.

— పైరసీ ఆఫీస్ వేయించుకోకండి. నన్నూ అడగకండి.

— కంప్యూటర్లో రోజూ వాడే యూజర్‌కి అడ్మిన్ అధికారం (ప్రోగ్రామ్‌లు వేసే, సెట్టింగులు మార్చే అధికారం) వద్దు.

— ఈమెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేది) పెట్టండి, బ్యాంకు కంటే ముందు. మిగతా పాస్‌వర్డ్‌లన్నీ మార్చుకునే దారి ఆ మెయిలే.

— వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ వేసే ఫైలు) తెరవకండి. చలానా అన్నా, పీఎం కిసాన్ అన్నా, పెళ్లి శుభలేఖ అన్నా.

— నెట్ సెంటర్లో ఆధార్ డౌన్‌లోడ్ చేస్తే డౌన్‌లోడ్స్‌లోంచి తుడిచి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేవండి. మాస్క్‌డ్ ఆధార్ (చివరి నాలుగంకెలే కనబడేది) సరిపోయే చోట అదే ఇవ్వండి.

— ఫిక్స్‌డ్ డిపాజిట్లున్న ఖాతాకి నెట్ బ్యాంకింగ్ నిజంగా అవసరమా? కాకపోతే ఆపించేయండి. కరెంటు బిల్లుకి చిన్న ఖాతా వేరే పెట్టుకోండి.

— స్క్రీన్ ఇవ్వొద్దు. "చూడ్డానికే సార్, ముట్టుకోం" అన్నా ఇవ్వొద్దు. చూడ్డమే చాలు వాళ్లకి.

— ఇచ్చేశారా? మౌస్ కోసం వాడితో కుస్తీ పట్టకండి. రౌటర్ స్విచ్ ఆపండి. ముందు అది.

— వేరే ఫోన్ నుంచి 1930, సైబర్ మోసాల హెల్ప్‌లైన్. తర్వాత బ్యాంకు. అబ్బాయికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోకండి. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపడానికే ఆ నంబరు ఉంది, గంట గంటకీ అవకాశం తగ్గిపోతుంది.

— బ్యాంకుకి చెప్పిన టైము రాసిపెట్టుకోండి, కంప్లయింట్ నంబరు తీసుకోండి. 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, వివరాలు మీరే ఇచ్చి పోగొట్టుకున్నా, మీరు బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. చెప్పేలోపు పోయింది మీదే. ఆలస్యం ఖరీదు అదీ.

— పాస్‌వర్డ్‌లు వేరే కంప్యూటర్ నుంచి మార్చండి. ముందు మెయిల్‌ది, తర్వాత బ్యాంకుది.

— ఫార్మాట్ చేయించకండి! పరువు పోతుందని అందరూ మొదట చేసేది అదే. ఎవరు, ఎప్పుడు, ఏ నంబరుతో లోపలికి వచ్చారో ఎనీడెస్క్ ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. పోలీసులకి అది కావాలి. ఫార్మాట్ చేస్తే దాంతోపాటే పోతుంది. పెద్దాయన కంప్యూటర్ నేను ముట్టుకోకుండా సైబర్ పోలీసుల దగ్గరికి పంపింది అందుకే.

— కొన్నాళ్లకి మళ్లీ ఫోన్ వస్తుంది. సైబర్ సెల్ నుంచి అంటారు, పోయిన డబ్బు దొరికింది, తిరిగి వేస్తాం అంటారు. ఎంత పోయిందో పైసలతో సహా చెబుతారు, ఎందుకంటే తీసుకుంది వాళ్లే, లేదంటే వాళ్ల దగ్గర మీ పేరు కొనుక్కున్నవాళ్లు. రీఫండ్ ఫారం నింపడానికి స్క్రీన్ అడుగుతారు. ఇవ్వకండి.