పౌలు పత్రికలను కాలక్రమంలో చదవడం ఎలా?

హైదరాబాదులో ఇళ్లలో జరిగే బైబిలు అధ్యయనాలకు ఉపయోగపడే పద్ధతి ఇది. బైబిలులో తొలితరం క్రైస్తవ బోధకుడైన పౌలు పత్రికలు (లేఖలు) స్థూలంగా నిడివిని బట్టి, సంఘాలకు రాసినవి ముందు, వ్యక్తులకు రాసినవి తరువాత వచ్చేలా పేర్చబడ్డాయి గాని, రాసిన కాలాన్ని బట్టి కాదు.

ముందుగా పౌలు జీవితాన్ని చెప్పే అపొస్తలుల కార్యముల గ్రంథంలో 9వ అధ్యాయాన్నీ, 13 నుండి 28 వరకూ ఉన్న అధ్యాయాలనూ పటం దగ్గర పెట్టుకొని చదవాలి. అబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో బైబిలు పటాలు దొరికితే సరే, లేకపోతే బైబిలు చివర ఉండే పటమే చాలు. 18వ అధ్యాయం దగ్గర మాత్రం ఆగాలి. కొరింథులో పౌలును రోమా అధిపతి గల్లియోను ఎదుటికి తెచ్చిన ఘట్టం అక్కడుంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి గల్లియోను అధికారకాలం సుమారు క్రీ.శ. 51-52 అని తేలింది కనుక, మిగిలిన సంవత్సరాలను అక్కడి నుండే ముందుకూ వెనక్కూ లెక్కించుకోవాలి.

ఆపైన మొదటి థెస్సలొనీకయులతో మొదలుపెట్టి, కొరింథీయుల పత్రికలు, రోమీయులకు రాసినది చదవాలి. గలతీయుల పత్రిక కాలంపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆ వాదంలో చిక్కుకుంటే అధ్యయనం అక్కడే ఆగుతుందని నా అభిప్రాయం.

ఫిలేమోనుకు రాసిన పత్రికలో ఉన్నవి 25 వచనాలే గనుక ఒకే బిగిన, బిగ్గరగా చదవాలి. ఫిలేమోను దాసుడైన ఒనేసిము ఏమైనా బాకీపడితే తానే తీరుస్తానని 19వ వచనంలో పౌలు స్వహస్తంతో ప్రామిసరీ నోటు రాసినట్టే రాస్తాడు. రోమీయులకు రాసిన పత్రికను మాత్రం తెర్తియు చేత రాయించాడు (16:22). ఎవరి చేత, ఎక్కడి నుండి, ఎవరికి అనే మూడు వివరాలనూ ప్రతి పత్రికకూ నోటుపుస్తకంలో రాసుకోవాలి.