కోర్టు అడిగేది ఆ ఒక్క నిమిషం గురించే: ఫోరెన్సిక్ సైకియాట్రీలోకి వచ్చి, మెదడునూ చట్టాన్నీ కలిపి పాఠం చెప్పాలనుకునే డాక్టర్లకు

ఫోరెన్సిక్ అనగానే మన ఇళ్లల్లో పోస్టుమార్టం గదే గుర్తొస్తుంది. అది ఫోరెన్సిక్ మెడిసిన్, దాని ఎండీ వేరు. ఫోరెన్సిక్ సైకియాట్రీ అంటే బతికున్న మనిషి మనఃస్థితి గురించి కోర్టుకు చెప్పే పని. దానికి దారి సైకియాట్రీ ఎండీ గుండా వెళ్తుంది. పీజీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే ఈ తేడా తెలిసి ఉండాలి. సీటు వచ్చాక తెలిసి లాభం లేదు.

ఈ వృత్తిలో కష్టమంతా ఒక్కచోటే ఉంది. కత్తి ఎత్తిన ఆ నిమిషంలో ముద్దాయికి తాను చేస్తున్నదేమిటో తెలుసా, అది తప్పని తెలుసా అని చట్టం అడుగుతుంది. మీరు అతన్ని చూసేది మూడు నెలల తర్వాతో, ఏడాది తర్వాతో. ఎమ్మారై చూపించేదీ స్కాన్ తీసిన రోజు మెదడునే. ఈ దూరాన్ని దాచకుండా కోర్టులో చెప్పగలగడం, అలా చెప్పడం పిల్లలకు నేర్పగలగడం, ఈ రెండింటికే ఇంత చదువు.

చదువు వరుస

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్సీ ఏడాది, నీట్ పీజీ, ఆపైన మూడేళ్ల సైకియాట్రీ ఎండీ. విజయవాడలో సిద్ధార్థ, గుంటూరులో 1946 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ ప్రభుత్వానివి. చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్ సీటుకు నీట్ పీజీ పనికిరాదు, ఐఎన్ఐ సెట్ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలి.

కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను మూడు విషయాలు అడగండి. వార్డుకు రిమాండ్ ఖైదీలు వస్తారా? ప్రొఫెసర్లకు కోర్టు సమన్లు వస్తాయా, వస్తే పీజీలను వెంట తీసుకెళ్తారా? పెద్ద మానసిక ఆసుపత్రికి, మన రాష్ట్రంలో అయితే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకు, పోస్టింగ్ వేస్తారా? మూడింటికీ లేదంటే ఎండీ పట్టా మటుకు వస్తుంది గానీ ఈ విద్య మీరే వెతుక్కోవాలి.

తర్వాత అసలు స్పెషలైజేషన్. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోరెన్సిక్ సైకియాట్రీలో డీఎం (ఎండీ తర్వాత చదివే సూపర్ స్పెషాలిటీ) ఉంది, దానికి ఐఎన్ఐ ఎస్ఎస్ పరీక్ష రాయాలి. అక్కడ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ నడుస్తోందేమో కూడా కనుక్కోండి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి ఒక్క ప్రయత్నంతో నిరాశ పడొద్దు. ఈలోగా సీనియర్ రెసిడెన్సీ ఒక ఏడాది ఎలాగూ చేయాలి. మామూలుగా అది లేనిదే మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేరు.

ఇక ఎల్‌ఎల్‌బీ. ఈ రంగంలో అందరూ అడిగేది దీని గురించే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. లాసెట్ రాసి మూడేళ్ల రెగ్యులర్ ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. కానీ బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం హాజరు 70 శాతం ఉండాలి. డ్యూటీ చేస్తూ ఆ హాజరు చూపించడం మామూలు మాట కాదు. రేపు ఎవరైనా క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ హాజరు పట్టీనే అడిగితే మీ విశ్వసనీయత అక్కడికక్కడే పోతుంది. పైగా నల్లకోటు, తెల్లకోటు రెండూ వేసుకోవడం కుదరదు. ప్రాక్టీసులో ఉన్న డాక్టరు న్యాయవాదిగా నమోదు కాలేరని హనీరాజ్ చులానీ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. పాఠం చెప్పడానికి ఎల్‌ఎల్‌బీ తప్పనిసరేమీ కాదు. బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో ఇచ్చే మెడికల్ లా అండ్ ఎథిక్స్ పీజీ డిప్లొమా చాలామందికి సరిపోతుంది. డిప్లొమా కంటే ఎక్కువ నేర్పేది సెషన్స్ కోర్టు వెనక బెంచీ. నెలకు రెండు రోజులు వెళ్లి కూర్చుని, డాక్టరు సాక్ష్యం ఉన్న వాయిదాలు ఏడాది పాటు వినండి.

సెక్షన్లు: రెండేసి నంబర్లు గుర్తుండాలి

2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్‌ల స్థానంలో కొత్త చట్టాలు వచ్చాయి. అంతకుముందు జరిగిన నేరానికి మాత్రం పాత ఐపీసీయే వర్తిస్తుంది. ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి కాబట్టి రెండు నంబర్లూ నోటికి రావాలి. మతిస్థిమితం లేని వ్యక్తి చేసిన పనికి మినహాయింపు ఐపీసీలో 84, భారతీయ న్యాయ సంహితలో 22. నిపుణుల అభిప్రాయం ఎవిడెన్స్ యాక్ట్‌లో 45, సాక్ష్య అధినియంలో 39. మినహాయింపు కోరే ముద్దాయి మీదే రుజువు భారం పెట్టే సెక్షన్ పాతదాంట్లో 105, కొత్తదాంట్లో 108. విచారణ తట్టుకునే స్థితిలో లేని ముద్దాయి సంగతి సీఆర్‌పీసీలో 328, 329. నాగరిక సురక్షా సంహితలో 367, 368.

84కి మూలం 1843 నాటి మెక్‌నాటన్ కేసు. బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి డ్రమ్మండ్‌ని మెక్‌నాటన్ కాల్చిన కేసు అది. మన దగ్గర చదవాల్సిన తీర్పు 1964 నాటి దహ్యాభాయ్ ఠక్కర్ కేసు. నేరానికి ముందు, నేరం జరుగుతుండగా, జరిగిన వెంటనే ముద్దాయి ఎలా ప్రవర్తించాడో చూడాలని అది చెబుతుంది. మీ రిపోర్టు ఎముకల గూడు ఇదే. 2011 నాటి సురేంద్ర మిశ్రా తీర్పు చదివితే వైద్యులు చెప్పే పిచ్చికీ చట్టం ఒప్పుకునే పిచ్చికీ ఉన్న తేడా తెలుస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన 22 వర్తించదు. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కకట్టకూడదని, కోర్టు అలా ప్రకటిస్తే తప్ప, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మూడో సెక్షనే చెబుతోంది.

ముద్దాయిని చూసే రోజు

మొదట కోర్టు ఉత్తర్వు చదవండి. విచారణ తట్టుకోగలడా అన్నది ఈ రోజు స్థితి గురించిన ప్రశ్న. నేర సమయంలో స్థితి వేరే ప్రశ్న. రెండింటినీ కలిపి రాసిన రిపోర్టులే ఎక్కువగా వెనక్కి వస్తాయి. ఉత్తర్వులో ఏది అడిగారో అర్థం కాకపోతే ఊహించి రాయొద్దు, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ముద్దాయి రాకముందే కాగితాలు తెప్పించుకోండి: ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, జైలు ఆసుపత్రి రికార్డు. ఇంటివాళ్లను పాత మందుల చీటీలు, మందుల షాపు బిల్లులు తెమ్మనండి. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో నేరానికి ఆర్నెల్ల ముందు చూపించుకున్న చీటీ ఒక్కటి దొరికితే, నేరం తర్వాత మీరు చేసే పది ఇంటర్వ్యూల కంటే దానికే విలువ ఎక్కువ.

ముందుగా ముద్దాయికి చెప్పాల్సిన మాట ఒకటుంది: "నేను నీకు వైద్యం చేసే డాక్టర్ని కాదయ్యా. నువ్వు చెప్పింది కోర్టుకు వెళ్తుంది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు." ఈ మాట అన్నట్టు రిపోర్టులో రాయండి. వైద్యం చేసిన డాక్టరే అభిప్రాయం ఇవ్వడం వీలైనంతవరకు మానుకోవాలి. ఎస్కార్ట్ కానిస్టేబుల్‌ కంటికి ముద్దాయి కనిపించాలి గానీ మాటలు చెవికి వినిపించకూడదు. తలుపు తీసి ఉంచి, వరండాలో కుర్చీ వేయించండి.

ఒక్క ఇంటర్వ్యూతో తేల్చొద్దు. వార్డులో ఉంచి చూసే వీలుంటే పది రోజులు నర్సుల నోట్సు రాయించండి: నిద్ర, తిండి, ఎవరూ చూడనప్పుడు ఎలా ఉంటున్నాడు. నటించేవాళ్లు డాక్టరు రౌండ్స్‌కి నటిస్తారు గానీ రాత్రి రెండింటికి నటించలేరు. జబ్బున్నవాళ్లకు వినిపించే మాటలు వచ్చిపోతుంటాయి, వాటిని తప్పించుకోవడానికి ఏదో ఒక ఉపాయం చేస్తుంటారు. ఇరవైనాలుగు గంటలూ ఆగకుండా వినిపిస్తున్నాయని, ఏ ఉపాయమూ చేయలేదని చెబితే అనుమానించాలి. మతిమరుపు నటనకు టామ్ అనే పరీక్ష ఉంది. యాభై బొమ్మలు చూపించి, రెండింటిలో చూసినదేదో గుర్తుపట్టమంటారు. కళ్లు మూసుకుని చెప్పినా సుమారు 25 వస్తాయి. అంతకు బాగా తగ్గితే కావాలని తప్పు చెబుతున్నట్టే. రెండో విడతలో 45 లోపు వస్తే అనుమానం, అంతే. చదువు రాని మనిషి విషయంలో ఆ 45ని గుడ్డిగా పట్టుకోవద్దు.

మన ప్రాంతంలో పదేపదే ఎదురయ్యేవి రెండు. మొదటిది మందు. రోజూ తాగే మనిషి అరెస్టయ్యాక రెండు నుంచి నాలుగు రోజుల్లో వణుకు, లేని పురుగులు కనిపించడం, తిక్కమాటలు మొదలవుతాయి. అది డెలీరియం, అంటే తాగుడు ఒక్కసారిగా ఆగితే వచ్చే ప్రమాదకరమైన అయోమయ స్థితి. ముందు ప్రాణం కాపాడాలి, థయమిన్ ఇవ్వాలి, అభిప్రాయం సంగతి తర్వాత. ఇంటివాళ్లు దాన్నే పట్టుకుని "అప్పుడూ ఇలాగే ఉన్నాడండీ" అంటారు. నేరం నాటి స్థితికి అది రుజువు కాదు. తానై తాగిన మత్తుకు న్యాయ సంహిత 23 మినహాయింపు ఇవ్వదు, తెలియకుండానో బలవంతంగానో పట్టిస్తేనే ఇస్తుంది. రెండోది చేతబడి. ఊరంతా నమ్మేదాన్ని నమ్మడం భ్రాంతి కాదు. ఊళ్లో వాళ్లే "ఈయన చెప్పేది మరీ వింతగా ఉంది" అనే దగ్గర భ్రాంతి మొదలవుతుంది. అందుకే ఇంటివాళ్లతో పాటు చుట్టుపక్కల ఇద్దరినైనా అడగండి.

రిపోర్టులో చూసింది, విన్నది, అభిప్రాయం మూడూ విడివిడిగా ఉండాలి. చివర్లో "అందువల్ల ఇతను నేరానికి బాధ్యుడు కాడు" అని రాయొద్దు. అది జడ్జిగారు రాయాల్సిన వాక్యం. మీరు రాయాల్సింది ఆనాటి ప్రవర్తనకూ ఈ జబ్బుకూ ఎంత పొంతన ఉంది, ఏ కాగితం ఆధారంగా అంటున్నారు అన్నంతవరకే. మిగతాది తెలియదని రాయడానికి సిగ్గుపడొద్దు. బోనులో తెలియదన్న డాక్టరు నిలబడతాడు, అన్నీ తెలుసన్నాయనే దొరికిపోతాడు.

పాఠం చెప్పడం

లా కాలేజీలో ఫుల్‌టైమ్ లెక్చరర్ కావాలంటే న్యాయశాస్త్ర పట్టాలు కావాలి. డాక్టరుకు తలుపు తెరుచుకునేది గెస్ట్ ఫ్యాకల్టీగా. నాగార్జున యూనివర్సిటీ పరిధి కాలేజీలకైనా, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకైనా ఒక పేజీ సిలబస్‌తో వెళ్లండి. ఉత్తచేతులతో వెళ్లి "న్యూరోసైన్స్ చెబుతానండీ" అంటే ఒక గెస్ట్ లెక్చరు పెట్టించి, శాలువా కప్పి పంపిస్తారు. పన్నెండు వారాలు, వారానికి రెండు గంటలు, ముప్పై నుంచి నలభై మంది, సగం లా, సగం మెడికల్ అయితే బాగా నడుస్తుంది. మెదడు భాగాల పేర్లతో మొదలుపెట్టొద్దు, లా పిల్లలు రెండో వారానికే కనిపించరు. కేసుతో మొదలుపెట్టండి.

అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద 1981లో కాల్పులు జరిపిన హింక్లీ కేసు మంచి ఆరంభం. మెదడు సీటీ స్కాన్‌ను జ్యూరీకి చూపించారు, 1982లో మతిస్థిమితం లేనందున నిర్దోషి అని తీర్పు వచ్చింది, అతన్ని మానసిక ఆసుపత్రికి పంపారు. ఆ తీర్పు తర్వాతే ఈ మినహాయింపు విషయంలో అమెరికా చట్టం బిగిసింది. స్కాన్ ఏం చెప్పింది, ఏం చెప్పలేదు అని గంటసేపు వాదించుకోనివ్వండి. తర్వాతి వారం ఎఫ్ఎమ్మారై, అంటే పనిచేస్తున్న మెదడును చూపించే స్కాన్. అది నాడీకణాన్ని చూడదు, రక్తప్రవాహంలో మార్పును చూస్తుంది. ఆ మార్పు పతాకస్థాయికి చేరడానికి సుమారు ఐదు సెకన్లు పడుతుంది. స్కాన్ బొమ్మలో మూడు మిల్లీమీటర్ల గడి ఒక్కదాంట్లోనే లక్షల కణాలుంటాయి. చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే దాని మెదడూ "వెలిగింది" అని 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చూపించింది. వేల గడులను ఒకేసారి పరీక్షించి లెక్క సరిదిద్దకపోతే వచ్చే తప్పు అది. పులసకు ప్రాణం పెట్టే పిల్లలకు ఈ చేప ఎప్పటికీ గుర్తుంటుంది.

మూడో పాఠంలో బోర్డు మీద లెక్క వేయించండి. వెయ్యిమందిలో పదిమంది అబద్ధం చెబుతున్నారు. యంత్రం అబద్ధాన్నీ నిజాన్నీ 90 శాతం సరిగ్గా పడుతుంది. పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది, నిజం చెప్పే 990 మందిలో 99 మందిని అబద్ధాలకోరులంటుంది. పట్టుబడ్డ 108లో అసలు దొంగలు తొమ్మిదే. తొంభై శాతం అన్న మాటకు కోర్టులో ఎంత బరువుందో ఈ లెక్కతో తెలిసినంతగా ఉపన్యాసంతో తెలియదు. దీని వెంటనే 2008 పూణే కేసు చెప్పండి. బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్ తరహా పరీక్షను (మెదడు విద్యుత్ సంకేతాలను బట్టి నేరం గుర్తుందా అని చూసేది) కూడా ఆధారం చేసుకుని అక్కడ శిక్ష వేశారు. తర్వాత 2010 సెల్వీ తీర్పు చదివించండి. సమ్మతి లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు చేయడం తన మీద తానే సాక్ష్యం చెప్పమని ముద్దాయిని బలవంతపెట్టకూడదనే రాజ్యాంగంలోని 20(3) అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు అందులో చెప్పింది.

నేరారోపణ ఎదుర్కొనే పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల అంశానికి రెండు వారాలు కేటాయించండి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 15 కింద ఘోరమైన నేరాల్లో బోర్డు చేసే ప్రాథమిక అంచనాలో మన అవసరం పడుతుంది. ఇరవయ్యో పడి దాకా మెదడు ముందుభాగం ఎదుగుతూనే ఉంటుందన్న మాట సగటు గురించినది. మీ ముందు కూర్చున్న కుర్రాడి గురించి అది ఏమీ చెప్పదు. గుంపు నుంచి మనిషికి వచ్చేటప్పుడు జారేది ఇక్కడే. లా పిల్లలకంటే డాక్టర్లే ఎక్కువ జారుతారు.

చివరి రెండు వారాలు మాక్ ట్రయల్. మెడికల్ పిల్లల్ని బోనులో నిలబెట్టండి, లా పిల్లలు క్రాస్ చేయాలి. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉంచండి: "డాక్టరుగారూ, మీరు ముద్దాయిని మొదటిసారి చూసింది సంఘటన జరిగిన ఎన్నో రోజున?" సంఖ్య చెప్పి ఆగిన వాళ్లకు పూర్తి మార్కులు. సంఖ్య చెప్పకుండా జబ్బు గురించి పాఠం మొదలుపెట్టినవాళ్లకు సగం కొట్టేయండి. "ఆ సమయంలో అతనికి తెలివి లేదు" అని తేల్చిచెప్పినవాళ్లను మళ్లీ వారం మళ్లీ బోనెక్కించండి.