సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? పిల్లల సంగతి సరే, పెద్దల మాటేమిటి?

భోగికి రెండ్రోజుల ముందు రాత్రి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినా డిక్కీలన్నీ తెరుచుకునే ఉంటాయి. పిల్లల కోసం ట్యాబ్, దిండు, దుప్పటి, చిరుతిళ్లు, వాంతి వస్తే కవర్లు. పెద్దవాళ్ల కోసం? ఒక నీళ్ల సీసా, అంతే. మా ఊరు జడ్చర్ల దగ్గర. ఇక్కడి నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే తొమ్మిది, పది గంటలు. అంతసేపు నలుగురు పెద్దవాళ్లు ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ కూర్చోవాలంటే ముందు కొంచెం ఆలోచించుకోవాలి. లేకపోతే కర్నూలు వచ్చేసరికి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూపించుకోండి, స్టెప్నీని మరిచిపోవద్దు. ఫాస్టాగ్‌లో డబ్బు రాత్రే వేయండి. హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలని కారులో అందరికీ తెలిసి ఉండాలి, డ్రైవ్ చేసేవారికి ఒక్కరికే కాదు.

బయల్దేరే టైము దగ్గరే అందరం పొరపాటు చేస్తాం. ట్రాఫిక్ తప్పించుకోవాలని మూడింటికే లేచి బయటపడతాం. జనవరిలో ఇక్కడ సూర్యుడు వచ్చేది 6:45 ప్రాంతంలో. ఈలోగా దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు మంచు బాగా పడుతుంది. పైగా తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య ఒళ్లు నిద్ర కోరుతుంది, ఎంత కాఫీ పోసినా సరే. నేనైతే రాత్రి పదికల్లా పడుకుని ఐదున్నరకు కదలమంటాను. మంచు తగిలితే లో బీమ్‌లోనే వెళ్లండి. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు కొట్టుకుని మన కళ్లలోకే వస్తుంది. బండి నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోవడం మనవాళ్లకో అలవాటు. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? మరీ దట్టంగా ఉంటే పెట్రోల్ బంకులోకి తిప్పి టీ తాగండి, రోడ్డు పక్కన మాత్రం ఆపొద్దు.

ఇక అసలు విషయం, మన ఇళ్లలో ఎవరూ పైకి అనని విషయం: ఆడవాళ్లు దారిలో నీళ్లు తాగరు. బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందో, ఎలా ఉంటుందో అని. ఓసారి మా అత్తయ్య బెంగళూరు నుంచి గుత్తి దాకా ఒక్క గుక్క తాగలేదు. దిగేసరికి పిక్కలు పట్టేసి నిలబడలేకపోయింది. అడిగితే 'నాకు దాహం వేయలేదులే నాయనా' అంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరూ అడగక్కర్లేకుండా ప్రతి రెండు గంటలకీ బండి ఆగుతుంది. ఎక్కడ ఆగాలో రాత్రే అనుకుంటాం: బాగేపల్లి దాటాక ఒకసారి, అనంతపురం దగ్గర, గుత్తి దగ్గర, కర్నూలులో. పెద్ద హోటలో, శుభ్రంగా ఉన్న బంకో చూసుకుంటాం. టిష్యూలు, సబ్బు కాగితాలు, చిన్న మగ్గు డిక్కీలో అడుగున కాదు, చేతికందే సంచిలో ఉండాలి.

ఆగినప్పుడు ఫోన్ చూస్తూ నిలబడకుండా ఐదు నిమిషాలు నడవండి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. పెద్ద వయసువాళ్లకీ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లకీ ఇంకా ఎక్కువ. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ ఉన్నా మేలే. సుగర్ ఉన్నవాళ్ల మాత్రలు సూట్‌కేసులోకి పోకూడదు, వాళ్ల భోజనం టైము తప్పకూడదు. ముందు సీట్లో కాళ్లు డాష్‌బోర్డు మీద చాపుకునే సుఖం మాత్రం వద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ కాళ్లు మిగలవు. వెనక బాసింపట్టు వేసుకుని కూర్చునే అమ్మలకు కూడా బెల్టు పెట్టండి, కాసేపు గొణుగుతారు, పరవాలేదు.

సీట్లు పంచుకోవడంలో ఓ చిన్న కిటుకు ఉంది. మనం ఉత్తరానికి పోతున్నాం కాబట్టి పొద్దున ఎండ కుడివైపు, మధ్యాహ్నం దాటాక ఎడమవైపు. వయసు పైబడినవాళ్లని మొదట ఎడమ పక్కన కూర్చోబెట్టి, భోజనాల తర్వాత కుడికి మార్చండి. వెనక మధ్య సీటు ఎవరికీ శాశ్వతం కాకూడదు, ముఖ్యంగా కొత్త కోడలికి. కారు పడనివాళ్లని ముందు కూర్చోబెట్టి దూరంగా రోడ్డు వైపు చూడమనండి, ఫోన్ చదవొద్దనండి. వాంతుల మాత్ర వేసుకుంటే మత్తు వస్తుంది, వేసుకున్నవాళ్లు స్టీరింగ్ ముట్టుకోకూడదు.

తిండి విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. ఇంటి పులిహోర, పెరుగన్నం బాగానే ఉంటాయి, కానీ బండి నడిపేవారు కడుపు నిండా తినకూడదు. అనంతపురంలో ఉగ్గాని, బజ్జీ తినకుండా దాటడం పాపమే, ఒప్పుకుంటాను. ఒక ప్లేటుతో ఆపండి. ఎందుకంటే అక్కణ్నుంచి కర్నూలు దాకా రోడ్డు తిన్నగా, పొడిగా, ఒకే తీరుగా ఉంటుంది. కన్ను మూతపడేది అక్కడే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు కునుకు తీస్తే బండి 110 మీటర్లు దానంతటదే పోయినట్టు. 'నాకేం అలసట లేదు' అన్న మగాడి మాట నమ్మకండి, గుత్తిలో తాళం తీసుకోండి.

మాటల విషయంలోనూ జాగ్రత్తే. పొలం పంపకాలు, ఎవరి పెళ్లిలో ఎవరు పలకరించలేదు, ఆఫీసులో ఎవరిని తీసేస్తున్నారు, ఈ మూడూ కారు తలుపులు వేశాక వద్దు. దిగిపోయే వీలుండదు కదా. పాటలు ఒక గంట ఒకరి ఇష్టం, ఇంకో గంట ఇంకొకరిది. అన్నీ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. పద్యాలతో అంత్యాక్షరి మొదలుపెట్టి చూడండి. నోరు విప్పని మా నాన్న పోయినేడు వరసగా పదకొండు చెప్పాడు. తాతల నాటి కథలు అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు, ఎవరూ మధ్యలో లేచిపోరు.

దారిలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి, ఒకటే ఎంచుకోండి. కొడికొండ చెక్‌పోస్టు నుంచి పక్కకు తిరిగితే లేపాక్షి బసవన్న. కర్నూలు దాటాక అలంపురం నవబ్రహ్మ ఆలయాలు. ఒకటి వెళ్లేటప్పుడు, రెండోది వచ్చేటప్పుడు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మోకాళ్లు తిట్టుకుంటాయి.

తిరుగు ప్రయాణానికి కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి అందరూ ముక్కనుమకే బయల్దేరతారు. ఆ సాయంత్రం దేవనహళ్లి నుంచి హెబ్బాళ దాకా పాకాల్సిందే. ఒక రోజు సెలవు ఎక్కువ పెట్టగలిగితే పెట్టండి. ఊరి నుంచి తెచ్చే ఆవకాయ జాడీకి మూత మీద ప్లాస్టిక్ కవరు కట్టి, నిటారుగా, కదలకుండా ఇరికించండి. మాది ఒకసారి బాగేపల్లి దగ్గర ఒరిగింది. ఉగాది దాకా ఆ కారెక్కిన ప్రతివాళ్లూ ముందు అడిగింది, 'అన్నం ఉందా?' అనే.