ఆలోచన చివర ‘అని’ తగిలించి చూడండి

బెంగళూరు మారతహళ్లిలో బస్సెక్కాను. సీటు దొరికిందన్న సంతోషంలో ఫోన్ తీస్తే మేనేజర్ మెసేజ్: ‘రేపు పొద్దున ఒకసారి కలుద్దాం.’ అంతే. అగర చెరువు దాటేలోపు నా ఉద్యోగం పోయింది, ఫ్లాట్ ఈఎంఐ ఆగిపోయింది, అనంతపురంలో ఉన్న అమ్మకి ఏం చెప్పాలో కూడా తయారైపోయింది. బస్సు మాత్రం సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో అంగుళం కదల్లేదు.

ఇలాంటప్పుడు మనసును ఆపాలని చూడకండి. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అని కొందరికి చెప్పాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. మందు మింగేటప్పుడు కోతిని తలచుకోకు అన్న మన పాత కథే ఇది.

ఆపే బదులు, వచ్చిన ఆలోచనను పక్కన నిలబడి చూడటం సాధన చేద్దాం. ముందు ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకోండి. పీజీ గదిలో మంచం అంచున కూర్చున్నా చాలు, పద్మాసనం అక్కర్లేదు. ముక్కు దగ్గర గాలి వచ్చిపోవడం గమనించండి. నాలుగైదు ఊపిరులకే మనసు ఎటో పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలిసిన ఆ క్షణమే మనకు కావాల్సింది.

ఇప్పుడు అసలు పని. వచ్చిన ఆలోచనను మాటల్లో పట్టుకుని, చివర ‘అని’ తగిలించండి. ‘నా ఉద్యోగం పోతుంది’ అన్నప్పుడు మీరు అందులో మునిగిపోయి ఉంటారు. ‘నా ఉద్యోగం పోతుంది అని ఒక ఆలోచన వచ్చింది’ అన్నారనుకోండి, వచ్చినది వేరు, చూస్తున్న మీరు వేరు. అది నిజమా కాదా అన్న వాదనలోకి దిగకండి; దిగితే మళ్లీ దాని ఇంట్లోకే వెళ్లినట్టు. ఈ విషయంలో తెలుగు మనకు సాయపడుతుంది కూడా. కోపం ‘వచ్చింది’ అంటాం, భయం ‘వేసింది’ అంటాం, దిగులు ‘పుట్టింది’ అంటాం. నేనే కోపం అని ఎవరూ అనరు. రోజూ వాడే మాటే, కాస్త నమ్మి వాడాలి.

తర్వాత ఒంటివైపు చూడండి. ఆ రోజు నాకు దవడలు బిగుసుకుని ఉన్నాయి, ఫోన్ పట్టుకున్న వేళ్లు చల్లబడ్డాయి. సరిచేయాలని చూడకుండా అలాగే గమనించి, మళ్లీ ఊపిరి దగ్గరికి రండి. గీత ఆరో అధ్యాయంలో చెప్పిందీ ఇదే: మనసు ఎటెటు పోతే అటునుంచి వెనక్కి తీసుకురావడం. ఒకసారి కాదు, పోయినప్పుడల్లా.

ఇక్కడో చిన్న మోసం ఉంది. కొన్నాళ్లకి ‘భలే గమనిస్తున్నానే’ అనిపిస్తుంది. అదీ ఆలోచనే. దానికీ ‘అని’ తగిలించండి.

కళ్లు మూసుకోగానే ఊపిరాడనట్టు ఉన్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా ఒంటరిగా ఈ సాధన చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేసి మాట్లాడండి.

మర్నాడు మేనేజర్ పిలిచి, సంక్రాంతికి ఎన్ని రోజులు సెలవు కావాలని అడిగాడు. ‘నాలుగు చాలా?’ అని ఆయన అంటుంటే, ‘ఐదు అడిగితే ఏమనుకుంటాడో’ అని నాలో ఇంకొకటి బయల్దేరింది.