మంచాన పడ్డవాళ్ళకు రాగి జావ తాగించడం ఎలా?

కేన్సర్ ముదిరి, "ఇక ఇంట్లోనే చూసుకోండి" అని డాక్టర్లు పంపించేశాక ఇంట్లోవాళ్ళకు మిగిలే పెద్ద పని తినిపించడమే. వేలూరు సీఎంసీ నుంచి వచ్చినా, తిరుపతి స్విమ్స్ నుంచి వచ్చినా మా చిత్తూరు వైపు ఆఖరికి అందరూ చేరేది రాగి జావ దగ్గరికే. కాచడం అందరికీ వచ్చు. తాగించడం మాత్రం చాలామందికి రాదు. మా నాన్నకు నేనే తాగించాను, ఆ తర్వాత బంధువుల ఇళ్ళలోనూ చూస్తున్నాను. ఎక్కడికి పోయినా ఒకటే వరస: మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, గ్లాసుతో నోట్లో పోసేస్తారు.

కావలసినవి: రాగి పిండి, చిన్న టీ స్పూను, రెండు మూడు దిండ్లు, ఒక తువ్వాలు. ముక్కు ఉన్న ఫీడింగ్ కప్పులు, సిరంజిలు కొనకండి. వాటితో పోసేవాళ్ళకు తొందరగా అయిపోతుంది, మింగేవాళ్ళకు ఊపిరాడదు.

రెండు స్పూన్ల పిండిని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసు నీళ్ళలో పోసి, సన్న సెగ మీద పది నిమిషాలు తిప్పండి. వడగట్టండి. ఉప్పు, పులవని మజ్జిగ కొంచెం కలపండి. నోరు పూసి ఉంటే ఉప్పూ పులుపూ మండుతాయి కాబట్టి అప్పుడు బెల్లం వేయండి. మొలకెత్తిన రాగుల పిండి మంచిదని చాలామంది చెబుతారు. మొలకల్లో గంజిని విరిచే గుణం ఉంటుంది, అందుకే ఆ జావ ఎంత కాచినా పలచగానే ఉంటుంది. తిరిగే మనిషికైతే సరే, మింగలేనివాళ్ళకు మామూలు పిండే వాడాలి. నీళ్ళలాంటిది గొంతులోకి ఒక్కసారిగా జారి ఊపిరి గొట్టంలోకి పోతుంది, కాస్త చిక్కనిదైతే గొంతుకు వ్యవధి ఇస్తుంది. స్పూను వంచితే ధార కట్టకుండా బొట్లు బొట్లుగా పడాలి.

వేళ కూడా చూసుకోవాలి. మార్ఫిన్ వేసుకునేవాళ్ళయితే మాత్ర పని మొదలుపెట్టి నొప్పి తగ్గాకే జావ. మత్తుగా తూగుతుంటే మాత్రం వద్దే వద్దు. ఇంకో మాట, మార్ఫిన్ వాడితే మలబద్ధకం దాదాపు ఖాయం. విరేచనానికి కూడా మందు రాయమని డాక్టరును అడిగి తీసుకోండి. కడుపు బిగిసిపోయిన మనిషి జావకేం నోరు తెరుస్తాడు?

ఇక అసలు పని. దిండ్లు వెనక పెట్టి కూర్చోబెట్టండి. పూర్తిగా కూర్చోలేకపోతే వీపు వీలైనంత పైకి లేవాలి, తల మాత్రం వెనక్కి వాలకూడదు. గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంగి ఉండాలి. మీరు నిలబడి పెట్టకండి. నిలబడితే వాళ్ళు మీ మొహం కోసం తల ఎత్తుతారు, దారి అక్కడే తప్పుతుంది. ఎదురుగా, కళ్ళకు సమానంగా కూర్చోండి. "నాన్నా, జావ పెడతున్నా" అని చెప్పి, అర స్పూను నాలుక మీద పెట్టి స్పూను తీసేయండి.

ఇప్పుడు ఆగాలి. గొంతు ముడి పైకి లేచి కిందికి దిగేదాకా చూడాలి. దిగాక కూడా నోరు తెరవమని చూడండి, బుగ్గలో నిలిచి ఉంటే మరోసారి మింగమనండి. ఆ తర్వాతే రెండో స్పూను. ఈ లోపల మాట్లాడించకండి, టీవీ ఆపేయండి, ఫోన్ వస్తే మోగనివ్వండి. దగ్గు వచ్చినా, మాటలో తడి గరగర వినిపించినా, ఊపిరి వేగం పెరిగినా ఆ పూటకు ఇక ఆపేయాలి. దగ్గుతుంటే నీళ్ళు తాగించేవాళ్ళున్నారు. అంతకంటే చెడ్డ పని లేదు. దగ్గడమే గొంతు తనను తాను కాపాడుకోవడం, దాన్ని దగ్గనివ్వండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన జావ నిమోనియా తెస్తుంది. దగ్గు రాకుండా కూడా పోవచ్చు, అందుకే తాగించాక జ్వరం, ఆయాసం వస్తే డాక్టరుకు చెప్పండి.

మూడు స్పూన్లకే మొహం తిప్పేసుకుంటే? ఆపేయండి. ఇక్కడే ఇళ్ళలో గొడవలు. పీలేరు నుంచో పుత్తూరు నుంచో వచ్చిన మేనత్త, "కడుపు మాడ్చి చంపుతారా నా తమ్ముణ్ణి?" అంటుంది. టెన్షన్ పడకండి. చివరి రోజుల్లో ఒంటికి ఆకలి పోతుంది, తిన్నది వంటబట్టదు. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, జబ్బు లోపలినుంచి తినేస్తున్నందువల్ల తినలేకపోతున్నాడు. బలవంతాన పోస్తే బలం రాదు, కక్కు వస్తుంది. అత్తతో వాదించి లాభం లేదు. ఆమె చేతికి తడి గుడ్డ ఇచ్చి పెదాలు తడపమనండి. ఆమెకూ ఒక పని దొరుకుతుంది.

తిరుపతి ఇళ్ళకు ఇంకో ముప్పు శ్రీవారి లడ్డూ. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక ముక్క నోట్లో పెట్టాలనుకుంటారు. అది పొడి పొడి అవుతుంది, అందులో జీడిపప్పు, కలకండ పలుకులు ఉంటాయి. కళ్ళకద్దించి, నెయ్యంటిన వేలు నాలుకకు రాస్తే చాలు, ప్రసాదం అందినట్టే. తీర్థమైనా అంతే, పెదాల మీద రెండు చుక్కలు.

తాగించాక అరగంటసేపు అలాగే కూర్చోబెట్టి ఉంచండి. తడి గుడ్డ వేలికి చుట్టి బుగ్గలు, నాలుక తుడిచి, పెదాలకు కొబ్బరి నూనె రాయండి. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే గీకకండి, డాక్టరుకు చూపించండి, మందు ఉంటుంది. మిగిలిన జావ రాత్రికి దాచొద్దు, చల్లారితే గట్టిపడి గొంతుకు అడ్డం పడుతుంది. రాత్రి అడిగితే ఒక స్పూను పిండితో మళ్ళీ కాచండి.