గాల్‌బ్లాడర్‌లో రాళ్లు – పాఠం 4: బాణం ఎటు వెయ్యాలి?

ఆక్సీకరణకూ రాళ్లకూ ఉన్న సంబంధం మీద పోయిన పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాను. బీచ్ రోడ్డు బజ్జీల నూనె పదేపదే కాగి ఆక్సీకరణ చెందుతుందని, అదే గాల్‌బ్లాడర్‌లో చేరి రాయి కడుతుందని చాలామంది రాశారు. కొత్త విషయం వచ్చేవారం చూద్దాం. ముందు ఇది సరిచేసుకోవాలి.

మూకుడులో నూనె పాడయ్యే మాట నిజమే. మన పాఠం మాత్రం పైత్యరసంలో (కాలేయంలో ఊరి గాల్‌బ్లాడర్‌లో నిలవుండే రసం), గాల్‌బ్లాడర్ గోడలో జరిగే ఆక్సీకరణ గురించి. అక్కడి లెసిథిన్ అనే కొవ్వు పదార్థంలోని కొవ్వు ఆమ్లాల నుంచి ఫ్రీ రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణం) ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఖాళీ అయిన చోట ఆక్సిజన్ చేరుతుంది, అది పక్కనున్న కొవ్వు ఆమ్లం మీద పడుతుంది. చివరికి మిగిలే ముక్కల్లో మాలోన్‌డైఆల్డిహైడ్ ఒకటి; ఆక్సీకరణ ఎంత జరిగిందో చెప్పడానికి దాన్నే కొలుస్తారు.

1968లో ఆడ్మిరాండ్, స్మాల్ అనే పరిశోధకులు గీసిన త్రికోణం (పైత్య లవణాలు, లెసిథిన్, కొలెస్ట్రాల్ ఏ పాళ్లలో ఉంటే కొలెస్ట్రాల్ కరిగి ఉంటుందో చూపేది) మీకు వచ్చే ఉంటుంది, వివరంగా మళ్లీ చెప్పను. కొలెస్ట్రాల్ మోతాదు మించిన పైత్యరసమే మొదటి మెట్టు. ఆక్సీకరణ ఆ తర్వాత గోడను రెచ్చగొట్టి మ్యూసిన్ అనే జిగురును ఎక్కువగా ఊరిస్తుంది. కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఆ జిగురులో చిక్కుకుని పెరుగుతాయి. కొలెస్ట్రాల్ మేత పెట్టిన ప్రెయిరీ డాగ్‌లలో (ఉడుత జాతి జంతువులు) రాళ్లకంటే ముందే మ్యూసిన్ పెరిగింది. 1981లో వాటికి ఆస్పిరిన్ ఇస్తే మ్యూసిన్ తగ్గింది, రాళ్లు కట్టలేదు. దీన్ని చూసి మీరు ఆస్పిరిన్ మింగకండి.

ఇక నన్ను విసిగించే పొరపాటు. "రాళ్లున్నవారిలో మాలోన్‌డైఆల్డిహైడ్ ఎక్కువ, కాబట్టి రాళ్లకు కారణం ఆక్సీకరణే." ఎలా తేల్చారు? ఆపరేషన్‌లో తీసిన గాల్‌బ్లాడర్‌లో రాయి అప్పటికే ఉంది. ఆ రాయి ఒరుసుకుని గోడ వాచింది. వాచినచోటికి తెల్లకణాలు చేరాయి, అవే రాడికల్స్‌ను వదిలాయి. అంటే రాయి వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది. పైగా మాలోన్‌డైఆల్డిహైడ్‌ను కొలిచే పద్ధతి చూడండి: థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తారు, వచ్చిన గులాబీ రంగును 532 నానోమీటర్ల దగ్గర చదువుతారు. వేరే ఆల్డిహైడ్లూ ఆ ఆమ్లంతో కలుస్తాయి, కాబట్టి ఆ అంకె పూర్తిగా మాలోన్‌డైఆల్డిహైడ్‌ది కాకపోవచ్చు. అందుకే రోగుల నమూనాల్లో కనబడిన సంబంధానికి నేను చుక్కల గీతే గీస్తాను. ఒకటి ఆపితే రెండోది ఆగిందని ప్రయోగంలో తేలితేనే కారణం నుంచి ఫలితానికి నిండు బాణం.

అభ్యాసం: గినీ పందులు మనలాగే సి విటమిన్ తయారుచేసుకోలేవు. అది కరువైతే వాటిలో కొలెస్ట్రాల్ పైత్య ఆమ్లాలుగా మారడం మందగిస్తుంది. కొలెస్ట్రాల్ మేత కూడా తోడైతే రాళ్లు కడతాయి. సి విటమిన్ ఆక్సీకరణను కూడా అడ్డుకుంటుంది. కారణం ఆ మార్పు మందగించడమా, ఆక్సీకరణకు అడ్డు లేకపోవడమా? రెండింటినీ విడదీసే ప్రయోగం మీరే వేయండి: ఎన్ని గుంపులు, ఏ గుంపుకు ఏ మేత, ఏ రోజు ఏది కొలుస్తారు. మ్యూసిన్ కొలవని జవాబును తిప్పి పంపుతాను.