హెడ్‌లైట్‌లో చెమ్మ పట్టిందా? సిలికాన్ జోలికి మాత్రం వెళ్లకండి

మొన్న వాన రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఆనందపురం వైపు నుంచి వస్తూ, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని ఆఖరి క్షణంలో చూశాడు. బంపరు ఎడమ సగం ఊడింది, మనిషి క్షేమం. పొద్దున పార్కింగ్‌లో చూస్తే కుడివైపు హెడ్‌లైట్ అడుగున వేలెడు నీళ్లు, గ్లాసు లోపలంతా తెల్లటి పొర. గ్లాసు అంచు చుట్టూ, వెనకాల గొట్టాల దాకా ఎవరో నీటుగా సిలికాన్ జిగురు పట్టించారు. నీళ్లు రాకూడదనే పట్టించారట!

వానాకాలంలో టైర్లు, వైపర్లు, బ్రేకులు చూసుకోవాలన్న సంగతి అందరికీ తెలిసిందే. ఈ సిలికాన్ సంగతే ఎవరూ చెప్పరు.

ఏది మామూలు, ఏది కాదు

హెడ్‌లైట్ గాలి చొరబడని డబ్బా కాదు. వెనకవైపు సన్నటి గాలిదారులు ఉంటాయి. కొన్ని కార్లలో వంపు తిరిగిన చిన్న రబ్బరు గొట్టం, కొన్నింటిలో గాలిని వదిలి నీటిని ఆపే పలుచటి పొర. లైటు వెలిగితే లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది, ఆర్పితే చల్లబడి బయటి గాలిని లోపలికి లాగుతుంది. వానాకాలంలో మన విశాఖ గాలిలో తేమ 80 శాతం దాటడం రోజువారీ వ్యవహారం. ఆ తేమే వానకు చల్లబడిన గ్లాసు మీద మంచులా కడుతుంది.

కాబట్టి వాటర్ సర్వీసింగ్ చేయించాకో, జోరువాన తర్వాతో కింది మూల పలుచగా మంచు కడితే టెన్షన్ అక్కర్లేదు. లైట్లు వేసి అరగంట తిరిగితే పోతుంది. ఎల్‌ఈడీ లైట్లలో గ్లాసు అంతగా వేడెక్కదు కనుక ఇంకాస్త ఆలస్యం అవుతుంది. రెండు లైట్లలోనూ ఒకేలా ఉంటే దాదాపు ఎప్పుడూ వాతావరణమే. ఒక్కదాంట్లోనే ఉండి, మర్నాటికీ పోకుండా, బొట్లు కారుతుంటే లీకు ఉన్నట్టే.

నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి

ముందు చూడాల్సింది గ్లాసు కాదు, వెనకాల రబ్బరు క్యాప్. బల్బు మార్చినవాళ్లు దాన్ని సగం తొడిగి బానెట్ వేసేస్తారు. బయటి మార్కెట్ ఎల్‌ఈడీ బల్బులు పెట్టించినవాళ్ల సంగతి మరీ ఘోరం. బల్బు వెనకున్న ఫ్యాను పట్టక క్యాప్ మధ్యలో బ్లేడుతో కోసేస్తారు. ఆ రంధ్రం పెట్టుకుని గ్లాసు అంచు అతికించి ఏం లాభం? క్యాప్ తర్వాత గాలి గొట్టం ఊడిందేమో చూడండి, ఆ తర్వాతే గ్లాసు మీద నెర్రె ఉందేమో చూడండి.

ఇక సిలికాన్. నీళ్లు కనబడగానే ఎక్కువమంది చేసే పని ఇదే, లైటును పాడుచేసేదీ ఇదే. గాలిదారి మూసుకుపోతే లోపలి తేమకు బయటికి పోయే దారి ఉండదు. వేడెక్కిన లైటు మీద వాన పడితే లోపలి గాలి కుంచించుకుని ఎక్కడ సందు దొరికితే అక్కణ్నుంచి లాగుతుంది. గాలిదారి లేదు కనుక ఈసారి లాగేది అంచు మీది నీటినే. పైగా వెనిగర్ వాసన వేసే మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆవిరి రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు కొట్టే మెరిసే గిన్నె) మీది పలుచటి అల్యూమినియం పూతను తినేస్తుంది. పూత పోయిన లైటు ఎంత ఆరబెట్టినా దారి చూపదు. షాపువాడు "గట్టిగా సీల్ చేశా సార్" అంటే సంబరపడకండి, గాలిదారి వదిలాడా అని అడగండి.

తడి తీయాలంటే ఇంజిన్, లైట్లు చల్లారాక వెనక క్యాప్ తీసి, పలుచటి గుడ్డ కట్టి, ఎండలో పెట్టండి. ఎండ లేకపోతే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద, దూరం నుంచి. హీట్ గన్ వద్దు. గ్లాసు అంటున్నాం గానీ అది ప్లాస్టిక్కే, వంకర పోతుంది.

లోపలికి గుడ్డ దోపి రిఫ్లెక్టర్ తుడవొద్దు. పూత గుడ్డకే వస్తుంది.

నీళ్లు పోవాలని కింద డ్రిల్లుతో రంధ్రం పెట్టొద్దు. గుంటలో దిగిన ప్రతిసారీ అందులోంచే ఎక్కుతాయి.

సిలికా జెల్ పొట్లాలు లీకు ఆపవు. లోపల పడేస్తే జారి బల్బు దగ్గరికి చేరతాయి. మానేయండి.

కారు కడిగేటప్పుడు ప్రెషర్ గన్ హెడ్‌లైట్ అంచుకు దగ్గరగా కొట్టనివ్వకండి.

హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టొద్దు.

60/55 వాట్ల చోట 100/90 పెట్టొద్దు. ఆ వేడికి హోల్డర్ కరుగుతుంది, రబ్బరు క్యాప్ బిరుసెక్కి సందులిస్తుంది.

జ్ఞానాపురం వంతెన కింద నీళ్లు నిలిచాయా, వెనక్కి తిప్పండి.

నీళ్లు ఊగుతున్న లైటుతో రాత్రిపూట అనంతగిరి ఘాట్ ఎక్కొద్దు. వెలుగు చెదిరి మీకూ కనబడదు, ఎదుటివాడి కళ్లలోనూ కొడుతుంది. పైన పొగమంచు ఉంటే హై బీమ్ అసలే వద్దు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల దాకా వాయిదా వేయకండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న.

వారంటీ ఉంటే ఏ ఆటోనగర్ షాపులోనూ లైటు విప్పించకండి. సర్వీస్ సెంటర్‌కు వెళ్లేసరికి మంచు ఆరిపోతుంది, "ఏమీ లేదు సార్" అంటారు. పొద్దున్నే తేదీ కనబడేలా ఫోటో, వీడియో తీసి పెట్టుకోండి.

క్యాప్ ఒక్కటే పోతే లైటు మొత్తం మార్చాలని చెప్పినా నమ్మకండి. చాలా మోడళ్లకు క్యాప్ విడిగా దొరుకుతుంది, పార్టు నంబరు చెప్పి అడగండి. అప్పటిదాకానైనా సరే, సిలికాన్ పూయకండి.